పచ్చి ఎండ్రికాయల రసం

మేము నాచారంల కిరాయికుండే ఇంటి వెనక ఒక గోడ, గోడ అవతల ఖాళీ ప్లాట్లు, ప్లాట్ల అవతల చెరువు. పేరుకే చెరువు. ఎండకాలం సగం ఎండిపోయేది, మిగిలిన సగం పచ్చగ నాచు పట్టి ఉండేది. గాలి మా దిక్కు మళ్ళితె కిటికీలు మూసుకునేటోళ్ళం. పెండ్లైన కొత్తల మేము ఆ ఇల్లు చూడనీకి పోయినప్పుడే ఓనరంకుల్ చెప్పిండు, "వాసనొస్తదమ్మా, తర్వాత మమ్ములను అనొద్దు" అని. నిజం చెప్పే మనిషి దొరికిండని మా ఆయన అప్పుడే ఖాయం చేసిండు.

అంకుల్ కరెంటాఫీసుల క్లర్కు పని చేసి రిటైరైనోడు. మీది అంతస్తుల ఆయన, ఆంటీ ఉండేటోళ్ళు. పొద్దుగాల బాల్కనీల కూసోని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాక చదివేటోడు. గల్లీల ఎవరికి అప్లికేషన్ రాయాలన్నా ఆయన దగ్గరికే వచ్చేటోళ్ళు. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, బోడుప్పల్‌ల ఉంటది, బ్యాంకుల నౌకరి. ఐతారం వచ్చి పోయేది.

నేను నాచారంలనే ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్‌ల చేస్తుంటిని. మా ఆయనది ఉప్పల్ దిక్కు ఒక లేత్ వర్క్‌షాపు. తెలంగాణ రావాలని రోజుకో బంద్, వారానికో ర్యాలీ నడుస్తున్న ఏండ్లవి. బంద్ ఉంటె కంపెనీ గేటు మూసేటోళ్ళు, మాకు సెలవు.

మా మామ పోయినంక అత్తమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నం. ఆమెది ఆలేరు అవతల ఒక వాగు పక్క ఊరు. అక్కడ ఆమెకు పేరుండె. పిల్లలకు జలుబు చేసినా, బాలింతకు పాలు పడకపోయినా, ముసలోళ్ళకు మోకాళ్ళు పట్టుకున్నా ఆమె దగ్గరికే వస్తుండిరి. ఎవరి దగ్గరా పైస తీసుకునేది కాదు. తలుపు తీసేసరికి అరుగు మీద ఎవరో ఒకరు కూసోనే ఉండేటోళ్ళని మా ఆయన చెప్పేటోడు. అట్లాంటి మనిషి నాచారం వచ్చి గేటు కాడ స్టూలు వేసుకోని కూసుంటె, షిఫ్టుకు పోయేటోళ్ళు, స్కూలు పిల్లలు అట్లనే పోతుండిరి. ఎవరూ ఆగకపోదురు.

"ఈడ మనుషులు ఒకల మొఖం ఒకలు సూడకుంటనే నడుస్తరేంది బిడ్డ?" అని అడిగింది ఒకనాడు.

"టైముకు పోవాలె కద అత్తమ్మ."

"గంత టైము యాడికి పోతదో" అన్నది. ఆ తర్వాత మల్ల అడగలే.

వానలు పడి చెరువు నిండినంక ఆమెకు ఒక పని దొరికింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు తడిసి, కాళ్ళకు బురద, చేతుల ప్లాస్టిక్ బకెట్. బకెట్‌ల గరగర చప్పుడు. తొంగి చూస్తే ఎండ్రికాయలు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నయ్.

"చెరువు కట్ట కింద బొక్కలే బొక్కలు" అన్నది. ఆమె మొఖంల నేను అంత సంతోషం చూసుడు అదే మొదలు. "ఎవ్వలూ పట్టరట. గివి ఏం పాపం జేసినయో?"

నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మా ప్యాకింగ్‌ల చేసే ఇద్దరు ఆడోళ్ళు ఆ ప్లాట్ల పక్కనే ఉంటరు. మరునాడు లంచ్‌ల ఒకామె అడగనే అడిగింది, "మీ అత్తమ్మ చెరువుల ఏమో దేవులాడుతుండె, ఏమన్న పడగొట్టుకున్నదా?" అని. నేను ఏదో సర్ది చెప్పిన. మేము తినే తిండి పక్కోళ్ళకు తెలుసుడంటె నాకు చిన్నప్పటి నుంచి సిగ్గే. స్కూల్ల మా డబ్బా మూత సగమే తీసి తినేదాన్ని. ఆ సిగ్గు పెండ్లైనా పోలే, నౌకరి చేసినా పోలే.

కానీ ఆ పులుసు మాత్రం మస్తుగుండె. చింతపండు, ధనియాలు, ఎల్లిపాయ వేసి పెద్ద మంట మీద బాగ ఉడికించింది. మా ఆయన చేతులు నాకుకుంట తిన్నడు. నేనూ తిన్న. తినేముందు మాత్రం తలుపు దగ్గరికి వేసిన, వాసన మీదికి పోవద్దని.

వాసన పోనే పోయింది. కొన్ని రోజులకు ఇంకోసారి వండినప్పుడు ఆంటీ మెట్లు దిగి వచ్చింది. గొడవ పెట్టుకుంటదేమో అనుకున్న. ఆమె తలుపు కాడ నిలబడి మెల్లగ అన్నది, "ఎండ్రికాయల పులుసేనా అక్కా? మా అమ్మ చేసేది. తిని ఎన్నేండ్లాయెనో."

అత్తమ్మ అప్పటికప్పుడు గిన్నె నింపి ఇచ్చింది. అట్ల ఇద్దరికీ దోస్తాని మొదలైంది. ఆంటీ వరంగల్ దిక్కు ఆమె. పొద్దు గుంకే ముందు కిందికి దిగొచ్చి మా గడప మీద కూసునేది. ఊరు ముచ్చట్లు, అమ్మగారింటి ముచ్చట్లు. అత్తమ్మ ఆమెను చెల్లె అని పిలిచేది. నేను వంట చేసుకుంట వాళ్ళ నవ్వులు విని, పోనీలే, ఈమెకు ఈడ ఒక మనిషి దొరికింది అనుకునేదాన్ని.

ఆ చలికాలం అంకుల్‌కు దగ్గు పట్టుకున్నది. మామూలు దగ్గు కాదు. మా సజ్జ మీద గిన్నెలు కదులుతున్నయా అనిపించేటట్టు దగ్గేటోడు. డాక్టరుకు చూపించిన్రు, ఎక్స్‌రే తీసిన్రు, టీబీ కాదన్నరు. సిరప్పులు మార్చిన్రు. కొద్దిగ తగ్గుడు, మల్ల తిరగబెట్టుడు. అంకుల్‌కు షుగర్ కూడా ఉండె. దగ్గి దగ్గి సన్నబడ్డడు. బాల్కనీల పేపరు చదువుడు బంద్ చేసిండు.

ఒక సాయంత్రం ఆంటీ గడప మీద కూసోని కండ్ల నీళ్ళు పెట్టుకున్నది. "మనిషి ఏమైతడో అక్కా. తిండి లేదు, నిద్ర లేదు" అన్నది. తర్వాత తనే అడిగింది, "మీ ఊళ్ళె దగ్గుకు ఏమిస్తరు? నువ్వు మందు పోస్తవంటివి కద."

పెద్ద దగ్గుకు ఎండ్రికాయల రసం పోస్తమని చెప్పింది అత్తమ్మ, కానీ సారు చదువుకున్న మనిషి, తాగుతడా అని అడిగింది. ఆంటీ మీదికి పోయి అడిగొచ్చింది. తాగుతడట. కానీ ఎవరికీ తెల్వొద్దట. పాలాయన రాకముందే, వెనక మెట్ల మీదికెల్లి, గ్లాసు మీద మూత పెట్టి తేవాల్నట.

మరునాడు తెల్లారకముందే రోలు చప్పుడుకు నేను లేచిన. అత్తమ్మ ఎండ్రికాయలను రెండు మూడు నీళ్ళల్ల కడిగింది. డిప్పలు తీసి, బతికున్నవాటినే రోట్ల వేసి దంచింది. పలచటి ధోతి గుడ్డల పోసి పిండితె బూడిద రంగు రసం కారింది. అండ్ల మిరియాల పొడి, ఇంత తేనె కలిపింది. చేపల బజారు వాసన.

"పచ్చిదే ఇస్తవా? జర కాచి ఇద్దాం అత్తమ్మ" అన్న.

"కాస్తే గుణం పోతది బిడ్డ. మీ ఆయనకు చిన్నప్పుడు నేను పోసింది పచ్చిదే. ఏమాయె?"

ఏమీ కాలే. మా ఆయన బండలెక్క ఉన్నడు. కంపెనీల రోజంతా చేతులకు గ్లౌజులు, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ. గోళ్ళు పెరిగినా సూపర్‌వైజర్ లోపలికి రానియ్యడు. అవన్నీ అక్కడి సంగతులు అనుకునేదాన్ని. ఇంట్ల రోలు దగ్గర అవి నాకు యాదికి రాలే. ఆమెకు చెప్పేంత తెలివి నాకున్నదని కూడా అనుకోలే.

రెండు పొద్దులు అట్ల తాగినంక దగ్గు తగ్గిందన్నడు అంకుల్. నిజంగ తగ్గిందో, తగ్గిందని అనుకున్నడో తెల్వదు. ఆంటీ సంబురంగ దిగొచ్చి చెప్పింది. ఆ రోజు అత్తమ్మ తలకు నూనె పెట్టుకోని, మంచి చీర కట్టుకోని గేటు కాడ కూసున్నది. పక్కింటామెను ఆపి మరీ మాట్లాడింది. నాకు కూడా లోపల కొంచెం గర్వమైంది. సిగ్గుపడ్డ ఎండ్రికాయలతోనే మాకు మర్యాద వచ్చింది కదా అనిపించింది.

ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు బంద్ వచ్చింది. నేను ఇంట్లనే ఉన్న. మా వంటింటి కిటికీ పక్క నుంచే మీది బాత్‌రూం పైపు కిందికి దిగుతది. పొద్దుగాల నుంచి ఆ పైపుల నీళ్ళు పడుతనే ఉన్నయ్. కొద్దిసేపు ఆగుడు, మల్ల పడుడు. నాకేదో అనుమానమైంది. అత్తమ్మ రసం ఇచ్చి రానీకి పోతె ఆంటీ తలుపు కొంచెమే తీసి, "ఇయ్యాల్టికి వద్దక్కా" అని మూసిందట.

"సారుకు కడుపు జర లూజైనట్టుంది. తగ్గిపోతది" అన్నది అత్తమ్మ. కానీ గ్లాసు చేతుల పట్టుకోని చాలాసేపు అట్లనే నిలబడ్డది.

మధ్యాహ్నం దాటినంక ఆంటీ తనే కిందికొచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉన్నది. ఓఆర్ఎస్ పొట్లాలు ఏమన్న ఉన్నయా అని అడిగింది. ఇచ్చుకుంట నేను ఆమె వెంట మీదికి పోయిన. అంకుల్ మంచం మీద ముడుచుకోని ఉన్నడు. కండ్లు లోపలికి పోయినయ్, పెదవులు ఎండినయ్. కాళ్ళ పిక్కలు పట్టుకుంటున్నయని మూలుగుతున్నడు. ఒళ్ళు కాలుతున్నది. నన్ను చూసి దుప్పటి మీదికి గుంజుకున్నడు. పడక ఖరాబైంది. నేను చూస్తనని ఆయన బాధ. రోజూ ఇస్త్రీ అంగీ వేసుకునే మనిషి.

"పొద్దుటి నుంచి చెప్తున్న, దవాఖానకు పోదామంటె వద్దంటున్నడు" అన్నది ఆంటీ.

కింద ఇంట్లున్న మా ఆయన మీదికొచ్చి ఒప్పించిండు. బంద్‌ల ఆటోలు లేవు. మా ఆయన స్కూటర్ మీద అంకుల్‌ను మధ్యల కూసోబెట్టుకున్నడు, వెనక ఆంటీ పట్టుకోని కూసున్నది. నేను, అత్తమ్మ నడిచి పోయినం. వద్దంటె వినలే ఆమె. రోడ్డు మీద జెండాలు పట్టుకోని పోరగాండ్లు, ఎక్కడియక్కడ మూసిన షట్టర్లు. ఆమె చెప్పులు సరిగ వేసుకోలే.

హబ్సిగూడ పోయే దారిల ఒక చిన్న ప్రైవేటు దవాఖానా. మేము పోయేసరికి అంకుల్‌కు సెలైన్ ఎక్కిస్తున్నరు. ముందు రూముల బెంచీల మీద నిండ మనుషులున్నరు, ఒక గుడ్డ తెర అడ్డం, తెర వెనకనే మంచం. లోపలి మాట బయటికి, బయటి మాట లోపలికి అన్నీ వినబడుతయ్. డాక్టరు నడీడు మనిషి, కోస్తా దిక్కు యాస. మర్యాదగనే మాట్లాడిండు.

"ఏం తిన్నారండీ నిన్న మొన్న?"

"ఇడ్లీ" అన్నడు అంకుల్ కండ్లు మూసుకోని.

"బయట ఏమైనా? హోటల్లో? ఫంక్షన్లో?"

"లేదు."

"ఇంట్లో నీళ్ళు ఎక్కడివి?"

"క్యాన్ నీళ్ళు" అన్నది ఆంటీ. ఆమె నేల దిక్కే చూస్తున్నది.

డాక్టరు పల్స్ చూసిండు, బీపీ మల్ల చూసిండు. ఆయన మొఖం బాగనిపించలే. "చూడమ్మా, షుగర్ పేషెంటు. బీపీ పడిపోతోంది. యూరిన్ రావట్లేదంటున్నారు. కిడ్నీల మీద పడుతుంది. మామూలు విరేచనాలైతే ఇంత త్వరగా ఇట్లా అవ్వదు. ఏం కడుపులోకి వెళ్ళిందో చెబితే నాకు దారి దొరుకుతుంది."

అంకుల్ మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. ఆంటీ కొంగు నోట్ల పెట్టుకున్నది. చెప్పాలె అని నాకు తెలుస్తనే ఉన్నది. కానీ తెర అవతల అంతమంది కూసున్నరు, మా కంపెనీల చేసే ఒక పిల్ల కూడా ఉన్నది. ఆ మాట ఎట్ల మొదలుపెట్టాల్నో నాకు రాకుంటె, నా వెనకకెల్లి అత్తమ్మ ముందుకొచ్చింది.

"నేను తాపిన సారు" అన్నది.

డాక్టరు ఆమె దిక్కు తిరిగిండు. "ఏం తాగించారు?"

"ఎండ్రికాయల రసం."

ఆయనకు అర్థం కాలే. "ఏ కాయలు?"

"కాయలు కాదు సారు, ఎండ్రికాయలు. నీళ్ళల్ల ఉంటయ్. గిట్ల నడుస్తయ్" అని ఆమె చేతి వేళ్ళు అడ్డంగ కదిలించి చూపించింది. తెర అవతల ఎవరో కిసుక్కుమని నవ్విన్రు.

"పీతలా?" అన్నడు డాక్టరు. "పీతల సూపా?"

"సూపు కాదు. పచ్చియి. దంచి, గుడ్డల పిండి ఇచ్చిన. దగ్గుకు."

"వండకుండా?"

"వండలే."

"ఎక్కడివి? మార్కెట్లో కొన్నారా?"

"మా ఇంటెన్క చెరువుల పట్టిన."

ఏ చెరువో నేను చెప్పిన. అప్పుడు డాక్టరు తల పట్టుకున్నడు. అరవలే. అరిస్తే బాగుండు అనిపించింది. తెర అవతల ఒక ముసలాయన, "ఆ మోరీ నీళ్ళల్లయా?" అని పక్కాయనను అడుగుడు మాకు అందరికీ వినబడ్డది. ఆ బట్ట తెర ఒక్కటే నాకు అప్పుడు దిక్కు అనిపించింది. బయటికి పోతె అందరి మొఖాలు చూడాలె.

డాక్టరు నర్సును పిలిచి ఏవో ఇంజెక్షన్లు మార్పించిండు, టెస్టుకు పంపమన్నడు, పెద్ద దవాఖానకు ఫోన్ చేసిండు. తర్వాత మా దిక్కు తిరిగి, ఇంట్ల ఇంకెవరన్న తిన్నరా అని అడిగిండు.

"మేము పులుసు తిన్నం. బాగ ఉడికించి. మాకేం కాలే" అన్న.

"ఉడికింది కాబట్టే కాలేదు. చెరువులో డ్రైనేజీ కలుస్తుందమ్మా. ఆ నీళ్ళలో ఏముంటే పీతల్లో అదే ఉంటుంది. మంట మీద పెడితే క్రిములు చస్తాయి. పచ్చిది తాగిస్తే తిన్నగా లోపలికి పోతాయి. కలరా కూడా వస్తుంది అట్లా. ఇంకో మాట, ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే చోటివైతే ఉడికించినా మంచివి కావు. మానెయ్యండి." అత్తమ్మ దిక్కు చూసిండు. "మీరు చెప్పారు, మంచి పని చేశారు."

ఆ మాట ఆమెకు వినబడ్డదో లేదో నాకు తెల్వదు. ఆమె అంకుల్ పాదాల దిక్కే చూస్తున్నది.

అంబులెన్స్ వచ్చేలోపల వాళ్ళ బిడ్డ వచ్చింది, ఎవరి బండి మీదనో బోడుప్పల్ నుంచి. లోపలికి రాంగనే ఆంటీని అడిగింది. ఆంటీ ఏడ్చుకుంట సగం సగం చెప్పింది. రసం అన్నది, కింది అక్క ఇచ్చింది అన్నది. తను అడిగిన సంగతి చెప్పలే. చెప్పే తీరుగ కూడా లేదు పాపం.

ఆ పిల్ల మా దిక్కు తిరిగింది. "మా నాయినకు మోరీల పురుగులు తాపిచ్చిన్రా మీరు?"

అత్తమ్మ ఒక అడుగు వెనకకు జరిగింది.

"మీకు తెల్వకపోతె ఊకుండాలె కద. చదువుకున్నోళ్ళ ఇంట్ల ఇవన్నీ ఎందుకు తెచ్చిన్రు? మీరు ఏం తింటరో మీరు తినుకోన్రి."

నేను చెప్పొచ్చు, మీ అమ్మనే అడిగిందని. మా ఆయన కూడా నా దిక్కు చూసిండు. కానీ తెర వెనక ఆ మనిషి మూలుగుతుంటె అడిగిందెవరు, ఇచ్చిందెవరు అని పంచాయితి పెట్టబుద్ధి కాలే. అత్తమ్మ చేయి పట్టుకోని బయటికి తీసుకొచ్చిన. బెంచీల మీదోళ్ళు కాళ్ళు ముడుచుకోని మాకు దారిచ్చిన్రు. ఆ కాళ్ళు ముడుచుకునుడు నాకు ఇప్పటికీ కండ్ల ముందు ఉంటది. మేము తాకుతె అంటుకుంటదన్నట్టు ముడుచుకున్నరు.

అంకుల్ పెద్ద దవాఖానల చాన రోజులున్నడు. కిడ్నీలకు మెషిన్ పెట్టాల్సొస్తదేమో అన్నరు, మెల్లగ అవే కోలుకున్నయ్. రోజూ మా ఆయన పోయి కింద కాంటీన్ కాడ నిలబడి, దిగొచ్చిన వాళ్ళ చుట్టాలను అడిగి వచ్చేటోడు. మీదికి పోయేటోడు కాదు. ఇంట్ల అత్తమ్మ తిన్నంత తిని కూసుంటున్నది. బకెట్ ఏమైందో నేను అడగలే.

ఒక ఐతారం ఆమె నన్ను అడిగింది, "ఆ డాక్టరు చెప్పిన మోరీ యాడ కలుస్తది? నాకు సూపియ్."

"ఎందుకత్తమ్మ ఇప్పుడు?"

"సూపియ్ బిడ్డ."

తీసుకపోయిన. ఆమె ఎప్పుడూ ఈ గట్టు దిక్కే పోయింది. ఇక్కడ తుంగ, గుర్రపు డెక్క పచ్చగ పెరిగి ఉంటది, తెల్లకొంగలు ఉంటయ్, చూస్తే ఊరి చెరువు తీరుగనే కనబడ్తది. మేము చుట్టు తిరిగి అవతలి గట్టుకు పోయినం. అక్కడ అపార్టుమెంట్ల వెనక నుంచి పెద్ద సిమెంటు గూన ఒకటి, ఇంకొంచెం దూరంల ఇనుప పైపు ఒకటి. గూనలకెల్లి నల్లటి నీళ్ళు. పైపు కింద నురుగు, సబ్బు తీరుగ తెల్లగ లేచి గాలికి ఎగిరి పోతున్నది. ఒక సెప్టిక్ ట్యాంకర్ డ్రైవరు ఒడ్డుకు బండి ఆపి పైపు వదిలి బీడీ తాగుతున్నడు. మమ్ములను చూసి కూడా ఏమనుకోలే.

అత్తమ్మ ఒక రాయి మీద కూలబడ్డది. ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకోలే.

"మా వాగుల ఇసుక తవ్వుతె చెలిమె ఊరేది బిడ్డ" అన్నది. "ఆ నీళ్ళే తాగినం, ఆ ఎండ్రికాయలే తిన్నం. ఎండ్రికాయ అంటె ఎండ్రికాయనే అనుకున్న. నీళ్ళను నేను సూడలే."

"నీకెట్ల తెలుస్తది?"

"తెల్వాలె. మందు పోసేటోళ్ళకు తెల్వాలె." మల్ల అన్నది, "ఊళ్ళె ఎంతమందికి పోసిన్నో. వాళ్ళల్ల ఎవ్వలకన్న గిట్లయి, నాకు చెప్పలేదో ఏమో."

పిల్లలు విరేచనాలై చచ్చిపోవుడు ఆ ఊళ్ళల్ల అప్పుడు మామూలే. ఎవరు ఎందుకు పోయిన్రో ఎవరు లెక్క తీసిన్రు? ఆమె ఆ రోజు ఆ రాయి మీద కూసోని ఒక్కొక్క ఇల్లు యాది చేసుకున్నదని నాకు తెలుసు. పెదవులు కదులుతున్నయ్.

అంకుల్ ఇంటికొచ్చినంక చూడపోవాల్నా వద్దా అని మేము తర్జనభర్జన పడ్డం. అత్తమ్మ తనే చీర మార్చుకోని మెట్లెక్కింది. నేను వెనక పోయిన. ఆంటీ తలుపు తీసి పక్కకు జరిగింది. రా అక్కా అనలే, రావొద్దనలే. అంకుల్ కుర్చీల కూసోని టీవీ చూస్తున్నడు, సగమైండు మనిషి. అత్తమ్మ గడప కాడనే నిలబడి చేతులు జోడించింది.

"సారు, నాతోని తప్పైంది."

ఆయన ఆమె దిక్కు చూడలేకపోయిండు. రిమోట్ చేతుల తిప్పుకుంట కూసున్నడు. ఆంటీ చాయ్ పెట్టనీకి వంటింట్లకు పోయినంక, టీవీ శబ్దం కింద మెల్లగ అన్నడు, "అడిగింది మేము. తాగింది నేను. డాక్టరు అడుగుతె ఇడ్లీ అని చెప్పిన. ఆఫీసుల అంతమందికి నీతులు చెప్పినోణ్ణి, పచ్చి ఎండ్రికాయలు తాగిన్నని చెప్పనీకి సిగ్గయింది. ఆ సిగ్గుకే పోయేటోణ్ణి. నువ్వు నోరు తెరిచినవ్ కాబట్టి కూసున్న ఇట్ల."

"మీ బిడ్డ" అని మొదలుపెట్టింది అత్తమ్మ.

"దానికి నేను చెప్త" అన్నడు.

చెప్పిండో లేదో మాకు తెల్వదు. ఆంటీ చాయ్ తెచ్చింది. అత్తమ్మ తాగింది. ఇద్దరూ చాయ్ గ్లాసుల దిక్కు చూసుకుంట కూసున్నరు కానీ మాట కలవలే. ఆ తర్వాత ఆంటీ మా గడప మీదికి రాలే. గొడవ లేదు, కోపం లేదు. మెట్ల మీద ఎదురైతె "తిన్నరా" అని అడిగేది. అది అడిగినంక ఇద్దరికీ తల వంగేది. తిండి గురించి అడగకుండ మనం పలకరిచ్చుకునే మాట ఏమున్నది?

తెలంగాణ రాకముందే చిల్కానగర్‌కు ఇల్లు మారినం. మా ఆయనకు వర్క్‌షాపు దగ్గరైతదని అందరికీ చెప్పినం. కొత్త గల్లీల అత్తమ్మ ఎవరికీ మందు సంగతి చెప్పలే. పక్కింటి బాలింత ఒకసారి పాల గురించి అడిగితె, "నాకేం తెల్వదు బిడ్డ, డాక్టరమ్మ దగ్గరికి పో" అని లోపలికి వచ్చేసింది. ఆమె నోట నాకేం తెల్వదు అనే మాట వినుడు నాకు అదే మొదలు. పాలకు ఆమె ఇచ్చేది మెంతులు, ఎల్లిపాయ కారం. వాటితోని ఎవరికీ ఏం కాదు. అది కూడా చెప్పలేకపోయింది.

రాష్ట్రం వచ్చిన సంవత్సరం ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ కీసర బస్సు కోసం నిలబడ్డం నేను, అత్తమ్మ. కీసరగుట్ట గుడికి పోదామని ఆమెనే అడిగింది. ఎదురుంగ ఒకామె మమ్ములను చూసి ఆగింది. ఓనరంకుల్ బిడ్డ. పక్కన ఒక చిన్న పాప ఉన్నది. ఒక క్షణం ఆమె తల తిప్పుకుంటదనుకున్న. మేమే తల తిప్పుకుందామా అని కూడా అనుకున్న. ఆమె దగ్గరికొచ్చింది.

"బాగున్నరా పెద్దమ్మ?" అన్నది అత్తమ్మను.

అత్తమ్మ వినబడనట్టు బస్సు వచ్చే దిక్కు చూసింది. నేనే జవాబిచ్చిన. అంకుల్ బాగున్నడా అని అడిగిన. బాగున్నడు, పొద్దున పొద్దున వాకింగ్ పోతున్నడు అన్నది. పాప చేయి పట్టుకోని ఆమె రోడ్డు దాటింది.

బస్సు ఎక్కి కూసున్నం. బోడుప్పల్ దాటేదాక అత్తమ్మ కిటికీల నుంచి బయటికే చూసింది. తర్వాత నా దిక్కు తిరగకుంటనే అడిగింది.

"ఆ పిల్ల నన్ను గుర్తువట్టిందా?"

"పట్టింది. పెద్దమ్మ అన్నది, వినలేదా?"

"ఇన్న" అన్నది. కొంగు తీసి మొఖం తుడుచుకున్నది. "గుర్తువట్టినంక ఎందుకు పలకరిచ్చింది మరి?"

కండక్టరు టికెట్ అని వచ్చిండు. నేను పర్సు తీసుకుంట ఏదో చెప్పబోయిన. ఆమె మల్ల కిటికీ దిక్కు తిరిగింది.